ఈబర్డ్: పానగల్ చెరువు కట్ట మీద మా పిట్టల లెక్క

సరదా కోసం ఒక లక్ష్యం పెట్టుకుని ఏడాది పొడవునా దాని వెంట తిరగాలనుకునేవాళ్లు ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పే పేరు ఈబర్డ్. పిట్టల్ని చూసి, లెక్కపెట్టి, రాసుకునే యాప్ ఇది. పైసా ఖర్చు లేదు, మధ్యలో ప్రకటనలు రావు. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్ల పక్షి పరిశోధన కేంద్రం 2002లో దీన్ని మొదలుపెట్టింది. 2010 నుంచి ప్రపంచంలో ఎక్కడి పిట్టనైనా ఇందులో రాయొచ్చు. నేను నల్లగొండలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. పాఠాలకు పనికొస్తుందని దించుకున్న యాప్ ఇది. ఇప్పుడు మా ఇంట్లో సెలవులు, ప్రయాణాలు, మా నాయినతో ఫోన్ మాటలు కూడా దీని చుట్టూనే నడుస్తున్నాయి.

లక్ష్యాలు గుర్తుచేసే యాప్‌లకు కొదవ లేదు. రోజుకు పదివేల అడుగులు వెయ్యి, ఇన్ని గ్లాసుల నీళ్లు తాగు, ఇన్ని పేజీలు చదువు అంటూ పొద్దుటి నుంచి ఫోన్ మోగుతూనే ఉంటుంది. అక్కడ లక్ష్యం పెట్టేది యాప్, మోసేది మనం. ఒక్కరోజు తప్పితే మొత్తం పోయినట్టు చూపిస్తాయి, ఆ టెన్షన్‌కే చాలామంది తీసి పడేస్తారు. ఈబర్డ్ పద్ధతి వేరు. చూసింది చూసినట్టు రాస్తే చాలు. జీవితం మొత్తంలో ఎన్ని రకాలు, ఈ ఏడాది ఎన్ని, ఈ నెల ఎన్ని, మన జిల్లాలో ఎన్ని, మన రాష్ట్రంలో ఎన్ని, ఇవన్నీ తనే లెక్కగట్టి పెడుతుంది. ఆ లెక్కలతో ఏ ఆట ఆడుకోవాలన్నది పూర్తిగా మన ఇష్టం. నాకు నచ్చింది ఇదే.

పని ఎలా జరుగుతుందో పానగల్ దగ్గర నిలబడి చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. పానగల్ చెరువు అసలు పేరు ఉదయ సముద్రం, మా టౌన్‌ను ఆనుకునే ఉంది. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోళుల నాటి చెరువు, ఇప్పుడు రిజర్వాయర్. నాగార్జునసాగర్ నీళ్లను ఎత్తిపోసి కాలువ మీదుగా తెచ్చి ఇందులో నింపుతారు, నల్లగొండ తాగే నీళ్లు ఇవే. చుట్టుపక్కల కుంటలు ఎండిన రోజుల్లో కూడా ఇక్కడ తడి ఉంటుంది కాబట్టి పిట్టలూ ఉంటాయి. కట్ట ఎక్కి యాప్‌లో చెక్‌లిస్ట్ మొదలుపెట్టగానే గడియారం, జీపీఎస్ రెండూ నడవడం మొదలవుతాయి. ఎంతసేపు చూశామో, ఎంత దూరం నడిచామో అదే రాసుకుంటుంది. ఆ ప్రాంతంలో, ఆ నెలలో కనపడే అవకాశం ఉన్న పిట్టల జాబితా తెర మీదికి వస్తుంది. పిట్ట కనపడగానే దాని పేరు పక్కన నొక్కితే ఒకటి పడుతుంది, ఇంకోసారి నొక్కితే రెండు. పెద్ద గుంపైతే ముందు అంకె కొట్టి, తర్వాత పేరులో రెండు మూడు అక్షరాలు కొడితే చాలు.

గుంపును లెక్కపెట్టడం ఈ యాప్ నాకు నేర్పిన మొదటి విద్య. చలికాలం పొద్దున నత్తగుల్ల కొంగలు నీటి అంచున బురదలో దిగి ఉంటాయి. వాటి ముక్కు పూర్తిగా మూసుకోదు, పైముక్కుకూ కిందిముక్కుకూ మధ్య ఒక సందు ఉంటుంది. ఆ ముక్కుతో బురదలో కెలికి నత్తను పట్టి, గుల్లలోంచి మెత్తటి భాగాన్ని లాగి మింగుతాయి. తినడం అయ్యాక రెండడుగులు వేసి మళ్లీ తల దించుతాయి. అలా కదిలేవాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టబోతే కుదరదు. ఎడమ చివర పదింటిని లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగాలో ఉన్నాయో కంటితో కొలుచుకుని, అదే కొలతను కుడి చివరిదాకా పరిచి చూడాలి. ఇలా రెండుసార్లు చేసి రెండు అంకెలూ దగ్గరగా వస్తే అది రాస్తాను. అసలు లెక్కే కుదరకపోతే ఎక్స్ అని పెట్టే వీలుంది. కానీ అంచనా అయినా సరే, అంకె రాస్తేనే మేలు. ఏడాది తర్వాత వెనక్కి తిరిగి చూసుకుంటే ఎక్స్ ఏమీ చెప్పదు.

లిస్టు ముగించేటప్పుడు యాప్ ఒక ప్రశ్న అడుగుతుంది: గుర్తుపట్టగలిగిన పిట్టలన్నింటినీ రాశావా, లేక కొన్నింటినే రాశావా? చాలామంది ఈ ప్రశ్నను చదవకుండా నొక్కేస్తారు. నా దృష్టిలో యాప్ మొత్తానికి ప్రాణం ఇక్కడే ఉంది. కాకి, గోరింక, పావురం కూడా వదలకుండా రాసి అవునని చెప్తే, ఆ పొద్దున అక్కడ రాయని పిట్ట మీకు కనపడలేదని కూడా లెక్కలోకి వస్తుంది. ఏ పిట్ట తగ్గుతోంది, ఏది పెరుగుతోంది అని తేల్చేవాళ్లకు ఆ లేమి కూడా సమాచారమే. గొప్ప పిట్టల్ని మాత్రమే రాసి పిచ్చుకను వదిలేస్తే, రేపు పిచ్చుకలు తగ్గాయో లేదో చెప్పడానికి ఆధారం ఉండదు. మా పిల్లలకు క్లాసులో ఈ ఒక్క ప్రశ్న మీదే ఒక పీరియడ్ చెప్పాను.

కట్ట మీద ఫోన్ పట్టుకుని పెదాలు కదుపుతూ నిలబడితే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. వలలు సర్దుకుంటున్న ఒకాయన, ''ఏం జూస్తున్నరు మేడం?'' అన్నాడు.

''కొంగల్ని లెక్కపెడ్తున్నా అన్నా.''

''కొంగలకు లెక్కేంది? మాపటీలి రాండ్రి. ఆ బండల కాడ బాతులు దిగుతయ్. గవి సూడకుంటే మీ లెక్క ఎట్ల తెగుతది?''

ఆయన చెప్పింది నిజం. సాయంత్రం వెళ్తే శీతాకాలపు వలస బాతులు దిగి ఉన్నాయి. పారలాంటి వెడల్పు ముక్కున్న షోవెలర్లు, సూదిలాంటి తోకున్న పిన్‌టెయిళ్లు. యాప్ ఎంత తెలివైనదైనా చెరువు మీద బతికేవాళ్ల మాట ముందు వినాలి. అప్పటినుంచి పొద్దుటి లిస్టు వేరు, మాపటి లిస్టు వేరు రాస్తున్నాను.

ఇక లక్ష్యాల సంగతి. యాప్‌లో ఉన్న లెక్కల్లో నాకు బాగా పనికొచ్చేది ఏడాది లిస్టు. జనవరి 1న అందరిదీ సున్నా నుంచి మొదలవుతుంది. ఇరవై ఏళ్లుగా పిట్టల్ని చూస్తున్నవాళ్లూ ఆ రోజు కాకితోనో గోరింకతోనో మొదలుపెట్టాల్సిందే. కొత్తగా వచ్చినవాళ్లకు ఇంతకంటే మంచి రోజు లేదు. రెండోది, మనకు ఇష్టమైన చోటును ప్యాచ్ అని పెట్టుకునే సదుపాయం. నాకు పానగల్ కట్ట ఒక ప్యాచ్. మా డాబా మీద నుంచి కనపడేవి ఇంటి లిస్టు, దీన్ని యార్డ్ అంటారు. పెళ్లిళ్లు, పరీక్షల పేపర్లు దిద్దడం, ఎండలు, వీటివల్ల ఎటూ కదల్లేని నెలల్లో డాబా లిస్టే నా ఆటస్థలం. దూరం పోలేనివాళ్లకు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఈ యార్డ్ లిస్టు గురించి తప్పకుండా చెప్పండి.

యాప్‌లో లేని ఆటలు మేం సొంతంగా కొన్ని కల్పించుకున్నాం. అన్నింటిలోకీ నాకు ఇష్టమైనది వర్ణమాల ఆట. ఒక్కో అక్షరానికి ఆ అక్షరంతో మొదలయ్యే తెలుగు పేరున్న పిట్టను మన జిల్లాలోనే చూడాలి. నేను యాప్‌ను ఇంగ్లీషు పేర్లతో వాడతాను, కాబట్టి ఈ ఆటకు ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. పేజీకి ఒక అక్షరం. యాప్‌లో లిస్టు పంపించాక తెలుగు పేరు నోట్‌బుక్‌లోకి ఎక్కిస్తాను. పేర్లు చెప్పేది మా నాయిన. ఊళ్లో పొలం దగ్గర ఉంటాడు. ఫోటో పంపిస్తే, ''గది పసులపోలిగాడు బిడ్డా, బర్రె మీద కూసునేటోడు'' అంటాడు. ఇంగ్లీషులో బ్లాక్ డ్రాంగో. దానికే ఏట్రింత అనే పేరు కూడా ఉంది. ఒకే పిట్టతో 'ప', 'ఏ' రెండు పేజీలూ నింపొచ్చా అని ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. నాయిన ఒప్పుకోలేదు. ఒక పిట్టకు ఒకటే పేజీ అన్నాడు. 'ప'కు పాలపిట్ట, పికిలిపిట్ట, పిచ్చుక ఎలాగూ ఉన్నాయి కాబట్టి పసులపోలిగాణ్ని 'ఏ' పేజీకి పంపించాం.

'గ'కు గిజిగాడు. వానాకాలంలో బావుల మీదికి వంగిన తుమ్మకొమ్మలకు, ఈతచెట్లకు గూళ్లు అల్లుతుంటే చూడ్డానికి గంట సరిపోదు. 'జ'కు జెముడుకాకి, 'త'కు తీతువు, 'బ'కు బుడుబుంగ, 'ల'కు లకుముకి. 'ఉ'కు ఉల్లంకి దొరికిన రోజు నాయిన నాకంటే ఎక్కువ సంబరపడ్డాడు. 'చ'కు చాతకం కావాలని పట్టుబట్టి వానలదాకా ఆగాను. నెత్తిన కుచ్చు, నలుపు తెలుపు ఒళ్లు, మొదటి వానల తర్వాత పొదల మీద కూర్చుని అరుస్తుంది. 'చ'కు చిలుక రాసేసి ఉంటే ఎప్పుడో నిండిపోయేది, కానీ చాతకం కోసం ఆగిన నెలల్లో నేను తిరిగిన పొదలు, విన్న కూతలు నాకు మిగిలేవి కావు. 'య' పేజీ ఇంకా ఖాళీగానే ఉంది. ఎవరికైనా 'య'తో మొదలయ్యే పిట్ట పేరు ఏ ఊళ్లో అయినా వాడుకలో ఉన్నట్టు తెలిస్తే చెప్పండి.

ఇంకో ఆటను మా అక్క కొడుకు నేర్పాడు. వాడు పాలమూరులో ఉంటాడు, సైకిల్ పిచ్చి. కోయిల్‌సాగర్ ప్రాజెక్టు దాకా తొక్కి వచ్చి, ''చిన్నమ్మా, నా ఎడింగ్టన్ నంబర్ పెరిగింది'' అని ఫోన్ చేస్తాడు. ఆర్థర్ ఎడింగ్టన్ అంటే 1919 సూర్యగ్రహణం నాడు నక్షత్రాల ఫోటోలు తీయించి ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని పరీక్షించిన ఇంగ్లండ్ శాస్త్రవేత్త. ఆయనకు సైకిల్ అంటే ప్రాణం. ఆయన పెట్టుకున్న లెక్క ఇది: ఇరవై వేర్వేరు రోజుల్లో కనీసం ఇరవై మైళ్ల చొప్పున తొక్కితే నీ నంబర్ ఇరవై. ఇరవై ఒకటి కావాలంటే కనీసం ఇరవై ఒక్క మైళ్లు తొక్కిన రోజులు ఇరవై ఒకటి ఉండాలి. సరిగ్గా ఇరవై మైళ్లు తొక్కిన రోజులన్నీ అప్పుడు ఎందుకూ పనికిరావు. 1944లో చనిపోయేనాటికి ఎడింగ్టన్ నంబర్ 84. మా వాడు కిలోమీటర్లలో లెక్కేసుకుంటాడు.

అదే లెక్కను పిట్టలకు తెచ్చాను. కనీసం ఇరవై రకాలు చూసిన రోజులు ఇరవై ఉంటే నంబర్ ఇరవై. ఇందులో ఉన్న మజా ఏంటంటే, ఒక్కరోజు నల్లమల పోయి గొప్ప లిస్టు రాసినా అది ఒక్క రోజు కిందే లెక్క. నంబర్ పెరగాలంటే మామూలు రోజులు కూడా కాస్త మెరుగ్గా ఉండాలి. కాలేజీకి పోయే ముందు అరగంట చూసే రోజుల్లో ఇంకో రెండు రకాలు ఎలా పట్టాలా అని ఆలోచిస్తాం. తుమ్మచెట్టు పైకొమ్మ చూడ్డం, నీటి అంచు వదిలి పొలం గట్టు వైపు రెండు నిమిషాలు తిరగడం, కూత విని ఆగడం, ఇవన్నీ ఆ లెక్క వల్ల అలవాటైనవే. పాత లిస్టులన్నీ రకాల సంఖ్యతో సహా యాప్‌లోనే ఉంటాయి కాబట్టి ఆదివారం కూర్చుని లెక్క చూసుకోవడం కష్టమేం కాదు.

ప్రయాణాలకు పెట్టుకున్న లక్ష్యం, రాష్ట్రంలో ఉన్న 33 జిల్లాల్లోనూ ఒక్కో పాలపిట్టను చూడడం. మన రాష్ట్ర పక్షి కదా. నియమాలు మావే. బస్సు కిటికీలోంచి చూస్తే చెల్లదు, దిగి నేల మీద నిలబడి చూడాలి. ఫోటో ఉంటే మంచిది, లేకపోయినా ఇంకో మనిషి చూసి ఉండాలి. వెబ్‌సైట్‌లో మన ప్రొఫైల్ పేజీకి వెళ్తే లిస్టు రాసిన ప్రాంతాలకు మ్యాపులో రంగు పడి ఉంటుంది. రంగు పడని చోటు చూస్తే పోవాలనిపిస్తుంది, అది మనిషి స్వభావం. పెళ్లికి వనపర్తి, గుడికి అలంపూర్, చీరలకు గద్వాల, ఇలా ఏదో ఒక పని మీద పోయినప్పుడే ఊరి బయట కరెంటు తీగల్ని చూస్తాం. అలంపూర్‌లో నవబ్రహ్మ ఆలయాలు చూశాక మా ఆయనే అడిగాడు, ''పాలపిట్ట పని కానిచ్చుకుని పోదామా?'' అని. పిట్టలంటే పెద్దగా పట్టని మనిషి ఆయన. లక్ష్యం అందరికీ అర్థమయ్యేంత చిన్నదిగా, సూటిగా ఉంటే పక్కనున్నవాళ్లు కూడా ఆటలోకి వచ్చేస్తారు.

దూర ప్రయాణానికి ముందు చూడాల్సింది టార్గెట్ స్పీసీస్ అనే పేజీ. దీన్ని వెబ్‌సైట్‌లో చూస్తే వీలుగా ఉంటుంది. ఒక ప్రాంతాన్ని, నెలల్ని ఎంచుకుంటే అక్కడ మిగతావాళ్లు చూసినవీ మనం ఇంకా చూడనివీ ఏవో వరసగా చూపిస్తుంది. నూటికి ఎన్ని లిస్టుల్లో ఆ పిట్ట ఉందో పక్కనే ఉంటుంది. నల్లమలలోని అమ్రాబాద్ అడవికి పోయే ముందు ఆ పేజీలోంచి అయిదారు పేర్లు మాత్రమే నోట్‌బుక్‌లో రాసుకుంటాను. అన్నీ రాసుకుంటే ఏదీ సరిగా చూడం. నా జాబితాలో ఎప్పుడూ పైన ఉండేది ఎల్లో త్రోటెడ్ బుల్బుల్. దక్షిణ భారతంలోని రాతిగుట్టల మీద తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండని పికిలిపిట్ట. అక్కడి ఉమామహేశ్వరం గుడి మెట్లు ఎక్కినప్పుడల్లా బండల మధ్య పొదలు చూస్తాను. ఇంకా కనపడలేదు, వదిలేదీ లేదు. 1930ల తొలినాళ్లలో హైదరాబాద్ సంస్థానం పక్షుల సర్వే కోసం పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ఇదే నల్లమలలో ఫరహాబాద్ దగ్గర ఉండి పనిచేశాడు. ఆయన దగ్గర ఫోన్ లేదు, మ్యాపు మీద రంగులు లేవు. తేదీ, చోటు, పిట్ట, సంఖ్య రాసిపెట్టాడు. మనం యాప్‌లో రాసేదీ ఆ నాలుగే. మన్ననూరు దాటాక సిగ్నల్ ఉండదని భయపడక్కర్లేదు. ఆ ప్రాంతం పిట్టల జాబితా ఉన్న ప్యాక్‌ను ఇంట్లోనే దించుకుని పోతే యాప్ నెట్ లేకుండానే పనిచేస్తుంది, బయటికి వచ్చాక పంపించుకోవచ్చు. తిరిగొచ్చాక ఆ ప్రయాణంలోని లిస్టులన్నీ ట్రిప్ రిపోర్ట్ కింద ఒకే పేజీగా చేసి చుట్టాలకు లింకు పంపొచ్చు.

కొన్ని సంగతులు ముందే తెలిసి ఉంటే మంచిది. నడిచిన దారిని యాప్ గుర్తుపెట్టుకుంటూ ఉంటుంది కాబట్టి ఫోన్ ఛార్జింగ్ తొందరగా దిగుతుంది. సగం రోజు తిరిగేవాళ్లు పవర్ బ్యాంకు పెట్టుకోండి. అరుదైన పిట్టను గానీ, మరీ పెద్ద సంఖ్యను గానీ రాస్తే యాప్ వివరం అడుగుతుంది. ఆ ప్రాంతం పక్షులు బాగా తెలిసిన వాలంటీర్లు దాన్ని చూసి, ఎలా గుర్తుపట్టారని ఈమెయిల్ రాయొచ్చు. దాన్ని అవమానంగా తీసుకోవద్దు. రెక్క మీద ఏ రంగు, ముక్కు ఎంత, ఎంత దూరం నుంచి చూశావు అని అడగడం సైన్సులో మర్యాద. మా పిల్లలకు నేను నేర్పాలనుకున్నది కూడా ఆ అలవాటే.

టాప్ 100 అని జిల్లాలవారీగా, రాష్ట్రాలవారీగా ఎవరు ఎక్కువ రకాలు చూశారో చూపించే పట్టిక కూడా ఉంది. పోటీ ఇష్టమైనవాళ్లకు బాగుంటుంది. నాకు అవసరం అనిపించలేదు. కార్లు, కెమెరాలు ఉండి వారం వారం తిరిగేవాళ్లతో అరగంట చెరువు కట్ట మీద నిలబడేవాళ్లను పోల్చి ప్రయోజనం లేదు. పేరు కనపడకూడదనుకుంటే సెట్టింగుల్లో దాచుకోవచ్చు. ఆ సంగతి విద్యార్థులకు, ముఖ్యంగా ఆడపిల్లలకు మొదటి రోజే చెప్తాను. ఒంటరిగా తిరిగే చోటు, వేళ అందరికీ తెలియాల్సిన పని లేదు.

ఏడాదికి ఒకసారి పిట్టల వర్గీకరణను సరిచేస్తారు, అప్పుడు మన సంఖ్య పెరగొచ్చు, తగ్గొచ్చు. 2023లో పశువుల వెంట తిరిగే తెల్లకొంగను రెండు జాతులుగా విడగొట్టారు. మన బర్రెల దగ్గర కనపడేది ఈస్టర్న్ కాటిల్ ఈగ్రెట్. పాత లిస్టుల్లో పేరును యాప్ తనే మార్చేసింది. క్లాసులో జాతి అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

కూత విని పేరు చెప్పే మెర్లిన్ యాప్ కూడా ఈబర్డ్ పెట్టిన కార్నెల్ వాళ్లదే, అదీ ఉచితమే. కొత్తవాళ్లకు చాలా ధైర్యాన్నిస్తుంది. కానీ మెర్లిన్ పేరు చూపించింది కదా అని కంటితో చూడకుండా, చెవితో పోల్చుకోకుండా ఈబర్డ్‌లో రాయకండి. అది దారి చూపిస్తుంది, ఖాయం చేసేది మనమే. బైనాక్యులర్ కొనేటప్పుడు వంద రెట్లు పెద్దగా కనపడుతుందని చెప్పే ఊరూపేరూ లేని సరుకు జోలికి పోవద్దు. ఎనిమిది రెట్లు, 42 మిల్లీమీటర్ల అద్దం, అంటే 8x42 అని రాసి ఉన్నది చాలు. చేతిలో వణకదు, తెల్లవారుజామున కూడా వెలుతురు సరిపోతుంది. అసలు బైనాక్యులర్ లేకుండానే మొదటి ఏడాది గడపొచ్చు. మా విద్యార్థుల్లో చాలామంది అలాగే చేస్తున్నారు.

ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతా పిట్టల్ని లెక్కపెట్టే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. మన దేశంలో 2013 నుంచి పాల్గొంటున్నారు. కనీసం పావుగంట ఒక చోట చూసి ఈబర్డ్‌లో రాయాలి, అంతే. మా కాలేజీలో ఎవరు ఎక్కువ రకాలు చూస్తే వాళ్లు గెలిచినట్టు అని నేను పెట్టను. తిప్పర్తి, కనగల్, కట్టంగూర్ వైపు ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చే పిల్లలు వాళ్లు. మీ ఊరి చెరువు నుంచి ఇంతవరకు ఎవరూ రాయని లిస్టు ఒకటి తెండి అన్నది మా లక్ష్యం. ఒక పిల్ల వాళ్ల తాతను కూర్చోబెట్టుకుని రాసుకొచ్చింది. పొలంలో జొన్న మీద వాలిన గులాబీ రంగు గోరింకల గుంపు ఉంది అందులో. తూర్పు యూరప్, మధ్య ఆసియా వైపు గూళ్లు పెట్టి, చలికాలానికి మన చేలకు వచ్చే రోజీ స్టార్లింగ్‌లు అవి. తాతకు అవి జొన్నలు తినే పిట్టలుగా తెలుసు. వాటి ఊరు ఎక్కడో మనవరాలు చెప్పింది. ఇద్దరూ కలిసి చూశారు కాబట్టి తాత కోసం కూడా ఒక ఖాతా తెరిచి లిస్టును షేర్ చేస్తానంది. ఆ సౌకర్యం యాప్‌లో ఉంది, ఒకరు రాస్తే కలిసి చూసినవాళ్లందరి లెక్కలోకీ వెళ్తుంది.

ఈ దసరాకు కొత్తగా ఏదైనా లక్ష్యం పెట్టుకోవాలనుకునేవాళ్లకు ఒకటి చెప్తాను. పండగనాడు పాలపిట్టను చూస్తే శుభమని మన నమ్మకం. ఆ నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని పిట్టల్ని పట్టి, రెక్కలు కట్టి, పంజరాల్లో తెచ్చి డబ్బులకు చూపించేవాళ్లు జాతరల దగ్గర, గుళ్ల దగ్గర కనపడతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. డబ్బులిచ్చి చూడకండి, అటవీశాఖ వాళ్లకు చెప్పండి. దానికి బదులు పొద్దున జమ్మిచెట్టు దగ్గరికి పోయేలోపే పొలాల వైపు వెళ్లండి. కోసిన చేల పక్కన తీగల మీద, ఎండుకొమ్మల మీద పాలపిట్ట కూర్చుని కిందికి చూస్తూ ఉంటుంది. ఎగిరినప్పుడు నీలం రెక్క విప్పుకోగానే పిల్లలు కేక వేస్తారు. ఫోన్‌లో ఈబర్డ్ ముందే దించుకుని ఉంచండి, ఊరి పేరుతో చోటు పెట్టుకోండి, పావుగంట చూడండి, కాకితో సహా అన్నీ రాయండి. అదే మీ మొదటి చెక్‌లిస్ట్.